ఆవిరి వాలిన వైపు

తెల్లవారి ఐదున్నర అయ్యేసరికి రేవు గేటు పక్కనున్న క్యాంటీన్‌లో నాలుగు గిన్నెల మూతలు లేస్తాయి. మొదటిది అన్నిటికన్నా పెద్దది, అందులో మాంసమూ దుంపలూ. రెండోదాంట్లో చేపలు, మూడోదాంట్లో కూరగాయల సూప్, నాలుగోదాంట్లో మెత్తగా ఉడికిన బఠానీలు. ఏమేం ఉన్నాయో రాసిన బోర్డు ఎక్కడా కనబడదు. ఏం కావాలని ఎవరూ అడగరు, నాకిది కావాలని ఎవరూ చెప్పరు. వచ్చిన మనిషి గిన్నెల ముందు నిలబడతాడు. ఏ గిన్నెలోంచి ఆవిరి అతనివైపు వాలితే అది పళ్ళెంలో పడుతుంది. ఆవిరి మళ్ళీ నిటారుగా నిలబడితే ఇక చాలని అర్థం. అక్కడితో గరిటె ఆగిపోతుంది.

వడ్డించేది ఉడుత వాళ్ళమ్మ. ఉడుతంటే ఆవిడ కూతురే, ఊరు పెట్టిన పేరది. ఆవిడ ముందు ఎవరి బేరాలూ సాగవు. తాళ్ళ మేస్త్రీ ఉన్నాడు కదా, పాపం చేపలంటే ప్రాణం. రోజూ చేపల గిన్నెకు ఎదురుగా, దాని కళ్ళలోకి చూస్తున్నట్టు నిలబడతాడు. రోజూ పక్కనుంచి సూప్ ఆవిరి వచ్చి అతని మెడకు చుట్టుకుంటుంది.

"అక్కా, ఈ ఒక్కరోజుకీ చూడనట్టు ఉండకూడదూ?"

"నువ్వు తలకిందులుగా నిలబడ్డా నీకు సూపేనయ్యా. జరుగు, వెనక జనం ఉన్నారు."

అతను సణుక్కుంటూనే సూప్ తాగుతాడు. ఒకప్పుడు గుండెల్లో మంటంటూ రాత్రిళ్ళు కూర్చుని తెల్లవార్చిన మనిషి ఇప్పుడు సుబ్బరంగా నిద్రపోతున్నాడు. ఆ సంగతి మాత్రం ఒప్పుకోడు.

ఈ వరసలో నిలబడే పని లేనివాళ్ళు రేవు మొత్తంలో ఐదుగురే. వాళ్ళు క్రేన్ డ్రైవర్లు. కిటికీ కింద పొడుగాటి బల్ల వాళ్ళది. ఆరింటికల్లా కేబిన్‌లో ఉండాలి కాబట్టి వాళ్ళు నేరుగా వచ్చి కూర్చుంటారు. పెద్ద గిన్నె మూత తియ్యగానే ఆవిరి తాడులా సాగి ఆ బల్ల మీదికి వెళ్తుంది, అమ్మ ఐదు పళ్ళేలూ నింపేస్తుంది. ఆరింటికి పైకెక్కినవాళ్ళు రెండింటికి సైరన్ మోగేదాకా దిగరు. మధ్యలో తిండి మాటే ఉండదు. ఇరవై ఏళ్ళ క్రితం ఓ డ్రైవరు పదింటికే "ఆకలేస్తోందిరా" అంటూ నిచ్చెన దిగొచ్చాడు. ఆ రోజు నుంచి అతని పేరు పాలసీసా. ఇప్పుడతనికి మనవలున్నారు. బడిలో వాళ్ళని పాలసీసా మనవలనే పిలుస్తారు. అప్పటినుంచి క్రేన్ మీద ఆకలన్న మాట ఎవరి నోటా రాలేదు.

ఆ బల్ల చివర, గోడకీ, ఆ ఐదుగురిలో ఒకడైన తన బాబాయికీ మధ్య ఇరుక్కుని రెండేళ్ళుగా ఆరో మనిషి కూర్చుంటోంది. అదే ఉడుత. వయసు ఇరవై నాలుగు, మనిషి పిడికెడు. చిన్నప్పుడు బీరువా ఎక్కేది, గేటెక్కేది, వీధి దీపం స్తంభమూ ఎక్కేది. "దిగవే!" అన్నది ఆ ఇంట్లో అందరికంటే ఎక్కువగా వినబడిన మాట. చదువయ్యాక రేవులోనే టార్పాలిన్ షెడ్డులో పని దొరికింది. కిటికీలు లేని షెడ్డు, రోజంతా వంగి చిరుగులు కుట్టడం. మూడేళ్ళు కుట్టింది. ఓ రోజు బాబాయి సరదాకి క్రేన్ పైకి తీసుకెళ్ళాడు. రెండు వందల పన్నెండు మెట్లు ఎక్కి కేబిన్ గాజు నేల మీద నిలబడి, కాళ్ళ కింద ఓడనీ, సముద్రాన్నీ, అగ్గిపెట్టెల్లా పేర్చిన కంటైనర్లనీ చూసిందో లేదో, ఇక దాన్ని షెడ్డులోకి తోలడం ఎవరి తరమూ కాలేదు.

పని అద్భుతంగా వచ్చింది. ఇరవై టన్నుల పెట్టెను గుడ్డును దించినట్టు దించేది. "ముప్పై ఏళ్ళకి నాకొచ్చిన చెయ్యి దీనికి ఆర్నెల్లకొచ్చిందిరా" అని బాబాయి కనబడ్డవాడికల్లా చెప్పుకునేవాడు. కానీ పరీక్ష మాత్రం రెండుసార్లు తప్పింది. రెండుసార్లూ పదిన్నర ప్రాంతంలోనే. పొద్దున అంత తిన్నాక ఎనిమిదింటిదాకా కళ్ళు మూతలు పడేవి. అది దాటిందనుకునేసరికి మోకాళ్ళ వెనక ఏదో ఖాళీ అయినట్టుండేది, ఆపైన వేళ్ళు వణికేవి. మొదటిసారి పెట్టె ఊగి దీపస్తంభానికి తగిలింది. రెండోసారి లారీ మీద జానెడు పక్కకి దిగింది.

"తక్కువ తిన్నావ్. అందుకే" అన్నాడు బాబాయి రెండుసార్లూ. వదిన చేత ఇంకో గరిటె వేయించాడు. నూట పది కిలోల మనిషి ప్రేమ అలాగే ఉంటుంది మరి.

ఇక మిగిలింది మూడోసారి. అది తప్పితే జీవితంలో మళ్ళీ పరీక్షకి రానివ్వరు. ఆపై సోమవారం నుంచి మళ్ళీ టార్పాలిన్ షెడ్డే. పరీక్ష గురువారం అని నోటీసు అంటించారు.

ఆ వారం సోమవారం రేవులో ఓడ లేదు. డ్రైవర్లు ఇళ్ళ దగ్గరే ఉన్నారు. బాబాయి పన్ను పీకించుకోవడానికి డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. ఉడుత ఒక్కతే వచ్చింది, ఖాళీ క్రేన్ మీద సాధన చేసుకుందామని. అలవాటుగా బల్ల చివర గోడ పక్కన కూర్చుంది. అమ్మ అలవాటుగా పెద్ద గిన్నె మూత తీసింది.

ఆవిరి లేచింది. బల్ల దాకా వచ్చింది. బాబాయి కూర్చునే చోట కాసేపు తచ్చాడింది. ఆ తరవాత ఉడుత తల మీదుగా కిటికీలోంచి బయటపడి, పళ్ళ డాక్టరు ఉండే వీధివైపు చక్కా పోయింది.

గరిటె అమ్మ చేతిలోనే ఉండిపోయింది.

"ఏయ్... నువ్వు లేచి ఇలా వచ్చి నిలబడు."

ఉడుత లేచొచ్చి నాలుగు గిన్నెల ముందు నిలబడింది. పెద్ద గిన్నె ఆవిరి మొహం తిప్పుకుంది. చేపలది నిటారుగా పైకప్పుకి పోయింది. సూపూ, బఠానీలూ ఆమె అక్కడ లేనట్టే ఊరుకున్నాయి. వరసలో ఉన్న పాతికమందీ నోళ్ళు తెరుచుకుని చూశారు.

అమ్మ అక్కడే ఉన్న దుంపల బస్తా మీద కూలబడింది. "రెండేళ్ళు! ఈ ఆవిరి రెండేళ్ళూ మీ బాబాయి కోసం వచ్చిందే. నువ్వు పక్కనున్నావని నీకూ అదే పెట్టేశాను. ఊళ్ళో ప్రతివాడికీ చూసి చూసి పెట్టి, కడుపున పుట్టినదానికి చూడకుండా పెట్టానే!"

"ఏడవకమ్మా, అందరూ చూస్తున్నారు."

"చూడనీ!" అని అమ్మ ఏడుస్తూనే లేచింది, లేస్తూనే నడుం బిగించింది. "నీ గిన్నె ఎక్కడో ఉండే ఉంటుంది. గురువారం లోపల దాన్ని పట్టుకోవాలి. ఒరేయ్ మేస్త్రీ, పరిగెత్తు! ఎవరింట్లో ఏం ఉడికినా తెమ్మను!"

తాళ్ళ మేస్త్రీ సూప్ గిన్నె వదిలేసి పరుగు లంకించుకున్నాడు. చూస్తుండగానే క్యాంటీన్ తిరనాళ్ళలా మారింది. దర్జీ భార్య అన్నం తెచ్చింది. రొట్టెల దుకాణం నుంచి వేడి రొట్టె వచ్చింది. మంగలి తన క్యారేజీ మోసుకొచ్చి మూడు గిన్నెలూ విప్పి పెట్టాడు. నర్సమ్మ ఉడికించిన గుడ్లు పట్టుకొచ్చింది. ఒక్కో మూతా లేస్తుంటే జనం ఊపిరి బిగబట్టడం, ఆవిరి ఎటో పోతుంటే ఉసూరుమనడం. మంగలి క్యారేజీలో ఆవిరి దర్జీ భార్యవైపు వాలింది, ఆవిడ దాన్ని చక్కగా తినేసింది. ఆవిడ తెచ్చిన అన్నం ఎవరో లారీ డ్రైవరుకి పోయింది. ముప్పై గిన్నెలయ్యాయి. అందరి కడుపులూ నిండాయి, ఒక్క ఉడుతకి తప్ప.

అప్పుడు గేటు కాపలా తాత తన మూలలోంచి లేచాడు. ఆయనకి పళ్ళు లేవు. రోజూ గోధుమ నూకతో పాలు పోసి పల్చగా జావ కాచుకుంటాడు. "ఇది ముసలివాళ్ళ తిండి. నవ్వకండర్రా" అంటూ మూత సగం తీశాడో లేదో, ఆవిరి ఒక్క దూకున వచ్చి ఉడుత ముక్కుకి తగిలింది. ముక్కు తడిసిపోయింది కూడా.

క్యాంటీన్ దద్దరిల్లిపోయింది. మేస్త్రీ బల్లెక్కి ఎగిరాడు. ఉడుత గబగబా తాగుతుంటే అమ్మ కళ్ళార్పకుండా ఆవిరినే చూస్తోంది. అరగిన్నె అయిందో లేదో ఆవిరి నిటారుగా నిలబడింది. అమ్మ గిన్నె లాగేసుకుంది.

"ఇంతేనా?" అన్నారు అందరూ ఒక్కసారే. అంత హడావుడి చేసి పట్టుకుంటే తేలింది అరగిన్నె జావ! పిచ్చుక తినే తిండితో క్రేన్ నడుస్తుందా? ఎవరి పనికి వాళ్ళు నీరసంగా వెళ్ళిపోయారు. ఉడుత పైకెక్కింది.

ఎనిమిదింటికి అమ్మ ఎవరికో వడ్డిస్తూ ఉంది. బఠానీల ఆవిరి ఉన్నట్టుండి అతన్ని తప్పించుకుని, తలుపు దాటి, రోడ్డు దాటి క్రేన్‌వైపు సాగింది. పొద్దున ఉడుతని కన్నెత్తి చూడని బఠానీలే! అమ్మ చిన్న గిన్నెలో పోసుకుని పరిగెత్తింది. కూతుర్ని కిందికి పిలిచింది. నాలుగు చెంచాలకే ఆవిరి నిలబడింది. పదింటికి జావ మళ్ళీ వాలింది. పన్నెండింటికి చేపలు వాలాయి, సగం ముక్కకే చాలన్నాయి. రెండింటికి సూప్. అప్పుడు తెలిసింది అమ్మకి. తప్పు గిన్నెలది కాదు, వేళది. ఈ పిల్ల ఒంటికి కొంచెం కొంచెంగా, మాటిమాటికీ పడాలి. బాబాయి ఒంటికి ఒక్కసారే కొండంత పడాలి. ఇద్దరూ మనుషులే, ఇద్దరివీ కడుపులే. ఒకరి ఆకలి ఒకరికి సరిపోదు, అంతే.

ఆ సాయంత్రం ఉడుత రెండు చేతులూ చాపి చూసుకుంది. వేళ్ళు రాయిలా నిలిచి ఉన్నాయి. రెండేళ్ళలో ఆ వేళప్పుడు అవి అలా ఉండటం ఎప్పుడూ చూడలేదు. సంతోషం పట్టలేక కేబిన్‌లో ఒక్కతే గెంతింది.

బాబాయి వాచిన దవడతో వచ్చాడు. విన్నాడు. మండిపడ్డాడు.

"రెండు గంటలకోసారి తింటూ కూర్చుంటే పెట్టెలెవరు దించుతారు? నీక్కూడా ఓ సీసా పేరు తగిలిస్తారే! నా పరువేం కాను?"

"నీ పరువు సంగతి తరవాత. ముందు ఇలా కూర్చో" అంది అమ్మ. ఇద్దర్నీ బల్ల మీద పక్కపక్కన కూర్చోబెట్టి పెద్ద గిన్నె మూత తీసింది. ఆవిరి వచ్చి బాబాయి మెడ చుట్టూ, భుజాల చుట్టూ ఆప్యాయంగా చుట్టుకుంది. వాచిన బుగ్గని కూడా నిమిరింది. జానెడు దూరంలో ఉన్న ఉడుత మీద ఒక్క చుక్క పడలేదు.

బాబాయి తన భుజం మీది ఆవిరినీ, పక్కనున్న ఉడుతనీ మార్చి మార్చి చూశాడు.

"అయితే వదినా... ఆ రెండుసార్లూ దీన్ని తప్పించింది నేనేనా?"

"నేనూ ఉన్నానయ్యా అందులో. గరిటె నాదే కదా."

అంత పెద్ద మనిషి మొహం చిన్నబోయింది. కళ్ళనిండా నీళ్ళు. ఉడుత అతని చెయ్యి పట్టుకుంది. "నాకు బోలెడు పెట్టావు బాబాయ్. అంతకంటే ఏం చేశావు?" అంది. అతను ముక్కు చీదుకున్నాడు, పీకిన పన్ను నొప్పికి మూలిగాడు, ఆ మూలుగు మధ్యలోనే టక్కున లేచి నిలబడ్డాడు.

"బకెట్ తాడు ఉందిగా!"

క్రేన్ పైకి పనిముట్లూ, నూనె డబ్బాలూ చేరేసే తాడది. ముప్పై ఏళ్ళలో దాని మీద తిండి ఎక్కలేదు. ఎక్కకూడదని కూడా ఎక్కడా రాసి లేదు. బాబాయి ఆ సాయంత్రమే కొత్త తాడు కట్టాడు, కప్పీకి నూనె పోశాడు, మూడుసార్లు నీళ్ళ గిన్నె పైకి లాగి చూశాడు. చుక్క ఒలకలేదు.

గురువారం పొద్దున రేవంతా అక్కడే ఉంది. ఓడ వచ్చి నిలబడి ఉంది. పరీక్ష పెట్టే అధికారిని అందరూ గడియారం సార్ అంటారు. సన్నగా, పొడుగ్గా ఉంటాడు, చేతిలో గడియారం చూస్తూనే మాట్లాడతాడు. ఆయన ఆరింటికి కేబిన్‌లో వెనక సీట్లో కూర్చుని, ఒడిలో లావుపాటి పుస్తకం తెరిచాడు.

"నియమాలు తెలుసుగా? లేపిన పెట్టెను లారీ మీదే దించాలి. మధ్యలో దించితే కారణం రాయాలి. కారణం సరైంది కాకపోతే అంతటితో పరీక్ష ముగిసినట్టే. విరామం రెండింటికి."

"తెలుసు సార్" అంది ఉడుత. తెల్లవారగానే అరగిన్నె జావ తాగి వచ్చింది. తల తేలిగ్గా, కళ్ళు చురుగ్గా ఉన్నాయి. మొదటి పెట్టె లేచింది.

కింద అమ్మ పొయ్యీ, మూడు గిన్నెలూ మోయించుకొచ్చి క్రేన్ కాళ్ళ దగ్గరే పెట్టింది. పెట్టాక గానీ చిక్కేమిటో తెలియలేదు. పిల్ల నడినెత్తిన ఉంది. ఆవిరి మామూలుగానే పైకి పోతుంది. ఇంక అది వాలిందో, ఊరికే లేచిందో ఎవడు చెప్పగలడు?

"వదినా, పొయ్యి దూరం జరుపు!" అన్నాడు బాబాయి. అందరూ తలో చెయ్యీ వేసి వంద అడుగుల దూరాన గోడ పక్కకి మార్చారు. ఇప్పుడు వాలితే ఏటవాలుగా వాలుతుంది, గుడ్డివాడికైనా కనబడుతుంది.

ఎనిమిదింటికి ఐదు నిమిషాలుండగా బఠానీల ఆవిరి ఒరిగింది, సాగింది, ఆకాశంలో అడ్డంగా గీత గీసినట్టు కేబిన్‌ని చూపించింది.

"వాలింది! వాలింది!"

బాబాయి తాడు లాగుతుంటే పాలసీసా వచ్చి పక్కనే చెయ్యి వేశాడు. ఎవరూ పిలవలేదు. బకెట్ పైకి చేరేసరికి పైన ఓ పెట్టె లారీ మీద దిగి, ఖాళీ కొక్కెం ఓడవైపు తిరిగొస్తోంది. ఆ నిమిషంలోనే ఉడుత నాలుగు చెంచాలు మింగి మూత పెట్టేసింది. గడియారం సార్ గడియారం చూసుకున్నాడు, ఏమీ రాయలేదు. కింద జనం ఒకళ్ళనొకళ్ళు వాటేసుకున్నారు.

తొమ్మిదిన్నరకి సముద్రం మీంచి గాలి లేచింది. చిన్న గాలి కాదు. గిన్నెల మీద ఆవిరి లేస్తూనే పీలికలైపోతోంది. ఇటు వాలిందా, అటు వాలిందా? అమ్మ చేతులు అడ్డం పెట్టింది, మేస్త్రీ గొడుగు పట్టుకుంటే అది తిరగబడి ఎగిరిపోయింది. అంతలో టార్పాలిన్ షెడ్డులోంచి ఆడవాళ్ళు పరిగెత్తుకొచ్చారు. ఉడుత ఒకప్పుడు కుట్టిన టార్పాలిన్లే తెచ్చి, నలువైపులా గోడలా పట్టుకుని నిలబడ్డారు. గాలికి వాళ్ళూ ఊగిపోతున్నారు. "ఇంకా పది కాలేదులే, టైముంది" అన్నాడు బాబాయి, తనకి తనే ధైర్యం చెప్పుకుంటూ.

పైన టైము లేదు. ఆ గాలిలో ప్రతి పెట్టెనీ నిలబెట్టడానికి రెండింతల సత్తువ పెట్టాల్సి వస్తోంది. అప్పుడు కొక్కేనికి వేలాడుతున్నది అన్నిటికంటే బరువైన పెట్టె, లోపల యంత్రాలున్నాయి. ఓడకీ లారీకీ మధ్య అది గాలిలో ఉండగా ఉడుతకి మోకాళ్ళ వెనక ఆ ఖాళీ తెలిసింది. కొంచెమే. ఇంకెవరికైనా అయితే తెలియనంత కొంచెం.

లారీకి నాలుగు నిమిషాల దూరం. మొదటిసారీ ఇంతే దూరం ఉంది. రెండోసారీ ఇంతే. రెండుసార్లూ "ఇంకెంత, నాలుగు నిమిషాలేగా" అనుకుంది. కిందికి చూసింది. గాలికి రెపరెపలాడుతున్న టార్పాలిన్లు తప్ప ఆవిరి కనబడలేదు. చెప్పేవాళ్ళు లేరు. లీవరు మెల్లగా వెనక్కి లాగింది. పెట్టె దిగింది, దిగింది, లారీకి ఇవతల ఖాళీగా ఉన్న నేల మీద నిశ్శబ్దంగా కూర్చుంది.

కింద జనం గొల్లుమన్నారు. "దించేసిందేంటి? మధ్యలో దించేసిందేంటి!" బాబాయి తల పట్టుకున్నాడు.

పైన గడియారం సార్ కలం తీశాడు. "ఎందుకు దించావు?"

ఆ మాట రావడానికి ఒక్క క్షణం పట్టింది. క్రేన్ మీద అనకూడని మాట కదా.

"ఆకలేస్తోంది సార్."

"విరామం రెండింటికని చెప్పాను."

"అది మీ ఆకలికి సార్. నాది ఇప్పుడే వచ్చింది."

ఆయన మొదటిసారి గడియారం మీంచి చూపు తిప్పి ఆమెవైపు చూశాడు. ఉడుత అప్పటికే కిటికీలోంచి సగం బయటికి వంగింది.

"బాబాయ్! బకెట్!"

ఆ కేక కిందికి చేరిన తరవాత, టార్పాలిన్ గోడల మధ్య గాలి ఒక్క క్షణం ఆగింది. జావ ఆవిరి ఒరిగి క్రేన్‌వైపు చూపించింది. "వాలింది!" అని అరిచింది అమ్మ. అరిచాక నోటి మీద చెయ్యేసుకుంది. పిల్ల ఆవిరికంటే ముందే అడిగింది! "దానికే తెలిసిపోయిందయ్యా! నా గిన్నె చెప్పకముందే తెలిసిపోయింది!" అంటూ తాడు లాగుతున్న మరిది వీపు మీద దబదబా బాదింది.

కేబిన్‌లో గాలి లేదు. ఉడుత మూత తియ్యగానే ఆవిరి తిన్నగా వచ్చి ఆమె గుండెల మీద వాలింది. గడియారం సార్ చూస్తూ కూర్చున్నాడు. ఆయనా ఈ ఊరివాడే. వాలిన ఆవిరితో ఎవరూ వాదించరు. ఆమె తినే ప్రతి చెంచాకీ మోకాళ్ళలోకి, భుజాల్లోకి, వేళ్ళ చివరల్లోకి ప్రాణం దిగడం ఆమెకే కాదు, ఆయనక్కూడా కనబడుతోంది. ఆరో చెంచా దగ్గర, ఆవిరి ఇంకా ఒరిగి ఉండగానే ఆమె చెంచా కింద పెట్టింది. మరుక్షణంలో ఆవిరి నిటారుగా నిలబడింది. మూత పెట్టి రెండు చేతులూ చాపి చూసుకుంది, ఆయన్ని కూడా చూడనిచ్చింది. వేళ్ళు కదలలేదు.

"ఇక లేపుతున్నాను సార్."

యంత్రాల పెట్టె లేచింది. గాలి దాన్ని తిప్పబోయింది, ఆమె తిరగనివ్వలేదు. ఊగబోతే ఊపుకి ఎదురు పోకుండా దాంతోపాటే ఒక్క అడుగు జరిపి నిలబెట్టింది. లారీ మీదికి తెచ్చింది. నాలుగు మూలల్లో నాలుగు గొళ్ళేలూ టక్ టక్ టక్ టక్‌మని ఒకదాని వెనక ఒకటి పడ్డాయి. ఆ చప్పుడు కింది జనానికి వినబడింది. ఆ తరవాత జనం పెట్టిన కేక ఓడలో ఉన్నవాళ్ళకి వినబడింది.

గడియారం సార్ పుస్తకం తిరగేశాడు. మధ్యలో దించిన ప్రతి పెట్టెకీ ఓ గడి ఉంది, అందులో కారణం రాయాలి. పాత పేజీల్లో ఆయన చేత్తోనే రాసినవి ఎన్నో ఉన్నాయి. గాలి. వాన. తాడు జారింది. లారీ రాలేదు. ఎన్ని పేజీలు తిప్పినా అవే. ఆయన కలాన్ని గాలిలోనే కాసేపు ఆపాడు. మూత పెట్టిన గిన్నెవైపు చూశాడు. లారీ మీద వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చున్న పెట్టెవైపు చూశాడు. ఆ తరవాత వంగి, ఒక్క మాట రాసి, పక్కన సరే అని టిక్కు పెట్టాడు.

పన్నెండింటికి చేపలు ఎక్కాయి. రెండింటికి సైరన్ మోగింది.

గడియారం సార్ ఆ పేజీ నకలు మీద సంతకం చేసి ఉడుతకిచ్చి, ముందు దిగి ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. ఆయన అంతేలే. ఉడుత రెండు వందల పన్నెండు మెట్లూ దిగి వచ్చేసరికి కింద జనం గుంపుగా కాచుకుని ఉన్నారు. డ్రైవర్లు, లారీలవాళ్ళు, షెడ్డు ఆడవాళ్ళు, మేస్త్రీ, కాపలా తాత, అందరూ ఉన్నారు. అందరికన్నా ముందు బాబాయి నిలబడ్డాడు, తాడు ఇంకా చేతికి చుట్టుకునే ఉంది.

ఉడుత జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి అతని చేతిలో పెట్టింది. బాబాయి విప్పాడు. కింద సంతకం, సంతకం పైన ఫలితం. అతను ముందు అది చదివాడు. పైన గళ్ళలోకి చూపు పోయింది. 'మధ్యలో దించిన పెట్టె: ఒకటి. కారణం: ఆకలి.' దాన్ని రెండుసార్లు చదివాడు. పక్కనుంచి తొంగిచూస్తున్న పాలసీసా కూడా చదివాడు. చదివి, చొక్కా చేతితో కళ్ళు తుడుచుకున్నాడు.

"ఏమైందయ్యా, చెప్పి చావు!" అని అరిచింది అమ్మ వెనకనుంచి.

"బాబాయ్" అంది ఉడుత అందరికీ వినబడేలా, "అది తరవాత చెప్దువుగానీ. నాకు మళ్ళీ ఆకలేస్తోంది."

బాబాయి కాగితాన్ని తలపైకెత్తాడు. రేవు మొత్తం మారుమోగేలా గొంతెత్తాడు.

"తప్పుకోండి, తప్పుకోండి, దారివ్వండి! మా క్రేన్ డ్రైవరుకి ఆకలేస్తోంది!"